మా పెద్దమ్మ ఊరి గాబరమ్మ

ఈ నాలుగు మాటలు చదవబోయే పెద్దలకూ పిన్నలకూ ముందుగా సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. సంతాప వ్యాసానికి కావలసిన సరుకేదీ నా దగ్గర లేదు. పోయిన మనిషి ఏ సంఘానికీ అధ్యక్షురాలు కాదు. ఆమె పేరు ఏ శిలాఫలకం మీదా లేదు. ఆమె లేని లోటు తీర్చలేనిదని మైకు పట్టుకుని చెప్పినవాడు లేడు. రాస్తున్న నేనా, క్లాసులో నవ్వించి బయట నిలబడడంలో తప్ప మరే విద్యలోనూ పేరు తెచ్చుకోనివాణ్ణి. కాబట్టి చదువుతుంటే ఎక్కడైనా నవ్వొస్తే అది నా అపరాధంగా భావించండి. ఇంకేదైనా వస్తే అది మా పెద్దమ్మ అపరాధం. ఆమె మీద ఇదివరకే ఒక పెద్ద నేరం మోపారు. ఇంకొకటి మోసినా ఆమెకు బరువు కాదు.

మా పెద్దమ్మ పోయింది. నాయన ఫోన్ చేసినప్పుడు నేను బెంగుళూరులో బస్సు కోసం నిలబడి ఉన్నాను.

"పెద్దమ్మ పోయిందప్పా," అన్నాడు.

"యాడికి?" అన్నాను.

నోటి తీట అలాంటిది. మెదడుకు కబురు చేరేలోపు నాలుక తన పని కానిచ్చేస్తుంది. నాయన కోప్పడలేదు. "పెనుకొండలోనే," అన్నాడు.

అడిగినదానికి జవాబు చెప్పాడాయన. బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ అంటే మా నాయన అన్నకు భార్య. పుట్టింది కన్నడ సరిహద్దున, అగళి దగ్గర పల్లెలో. ఆ తట్టు ఇంట్లో కన్నడం, సంతలో తెలుగు. పెళ్ళయి పెనుకొండకు వచ్చాక రెండింటినీ ఒకే కుండలో వండేసింది. ఊరుకోమనడానికి "సుమ్నె ఉండు" అనేది. అలాగా అనడానికి "హౌదా" అనేది. మా పెదనాయన రైల్వేలో పట్టాల పని చేసేవాడు. నాకు జ్ఞానం రాకముందే పోయాడు. పిల్లలు లేరు. రైలుకట్టకు దగ్గరగా ఒక చిన్న మిద్దెలో పెద్దమ్మ ఒక్కతే ఉండేది. రైలు పోతున్నప్పుడు మాట్లాడే మాటను ఎక్కడిదక్కడ ఆపేసి, చివరి పెట్టె దాటాక మళ్ళీ అదే అక్షరం దగ్గరనుంచి అందుకునేది. ఎదురుగా ఎవరూ లేనప్పుడు కూడా అలా ఆపి అందుకోవడం నేనొకసారి వాకిలి చాటునుంచి విన్నాను.

"ఎవురితో మాట్లాడుతాండావు పెద్దమ్మా?"

"ఎవురితోనూ లేదప్పా. మాట వస్తాదా రాదా అని చూస్తాండా."

ఇక నా ఘనత. నాయన హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో గుమాస్తా. నాకు ఏడేళ్ళున్నప్పుడు ఒకరోజు వెంట తీసుకెళ్ళాడు. తెల్లటి గూళ్ళు కుప్పలు కుప్పలుగా పోసి ఉన్నాయి. వేలం అరుపులు, పచ్చి వాసన, మనుషుల కాళ్ళు. ఒక గూటిని చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల ఏదో కదిలింది.

"దీంట్లో ఏముంది నాయనా?"

"పురుగు."

"దానికి గాలి యాడ్నుంచి వస్తాది?"

"దానికి అక్కర్లేదులే," అని నాయన పనిలో పడ్డాడు.

ఆ మాటతో నా గాలి కూడా ఆగిపోయింది. చేతులు చల్లబడ్డాయి. గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకోసాగింది. గోడలు దగ్గరికి జరిగాయి. ఇప్పుడే, ఇక్కడే చచ్చిపోతానని నాకు తెలిసింది. అనిపించడం కాదు, తెలిసింది. ఎవరో రైతు కుప్ప మీద పడి గింజుకున్నాను. నాయన నన్ను ఎత్తుకుని బయటికి పరుగెత్తాడు. చెట్టు నీడలో కొంతసేపటికి అదంతా దానంతటదే దిగిపోయింది. నేను లేచి కూర్చుని సోడా కావాలని అడిగాను. ఆ సోడా నా కొంప ముంచింది. సోడా కోసం వాడు ఎంత నాటకమైనా ఆడతాడని మా వీధిలో స్థిరపడిపోయింది.

తరువాత అది బడిలో వచ్చింది, పెళ్ళి పందిట్లో వచ్చింది, ఊరికే అన్నం ముందు కూర్చున్నప్పుడు వచ్చింది. ఒక డాక్టరు గ్యాసు అన్నాడు. ఇంకో డాక్టరు నులిపురుగులన్నాడు. మా వీధి అవ్వ దిష్టి అని తేల్చి, గుప్పెడు ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ పొగకు ఇంటిల్లిపాదికీ ఊపిరాడలేదు. నాకు తోడు దొరికింది అదొక్కసారే. మిగతా అన్నిసార్లూ, చుట్టూ మనుషులు ఉండగానే, నేను ఒక్కణ్ణే గూటిలో ఉండేవాణ్ణి. దానికి ఒక పేరంటూ ఉంటే కనీసం పిలిచి తిట్టేవాణ్ణి.

ఆ వేసవి సెలవుల్లో నన్ను పెనుకొండలో వదిలారు. వానలకు ముందు విత్తనానికి చెనక్కాయలు వలిచే రోజులవి. పెద్దమ్మ కాళ్ళు చాపుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని వలుస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ వలుస్తున్నాను. ఉన్నట్టుండి అది వచ్చేసింది. కాయ చేతిలో ఉండగానే వేళ్ళు కొయ్యబారిపోయాయి.

పెద్దమ్మ తలెత్తి నా మొహం చూసింది. "ఏమప్పా, గాబరి వచ్చిందా?"

పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. కన్నడంలో గాబరి అంటే మన గాబరానే. ఏడేళ్ళ పండితుడికి అది తెలియదు. పైగా మన తెలుగులో ఆడమనిషి వచ్చినా అనుమానం వచ్చినా 'వచ్చింది' అనే అంటాం. నేను ప్రాణం పోతున్నవాణ్ణి కూడా, తల తిప్పి వాకిలి వైపు చూశాను.

"ఎవురామె?" అన్నాను.

పెద్దమ్మ ఒక క్షణం అర్థంకాక చూసింది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు ఊగాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేటలో గింజలు గలగలమన్నాయి. ఆ నవ్వు ఎప్పుడు ఆగుతుందా అని చూడడంలో నేను చచ్చిపోయే పని కొంచెం వాయిదా వేశాను. ఆమె కళ్ళు తుడుచుకుని, మొహం గంభీరంగా పెట్టుకుంది.

"మా ఊరామెలే," అంది.

"ఎందుకొచ్చింది?"

"ఎందుకొచ్చినావని అడగద్దప్పా. అడిగితే చెప్పేదానికి కూచుంటాది."

"మరి ఏం జెయ్యల్ల?"

"నువ్వేం జేస్తాంటివి? కాయలు వలుస్తాంటివి. వలువు. ఆయమ్మను చూసి పని ఆపితే, ఓహో, ఈడు నాకోసరమే కాచుకోనుండాడు అనుకుంటాది."

"పోకపోతే?"

"పోకుండా యాడుంటాది? ఈడేమన్నా మిద్దె కట్టుకోనుండాదా?"

వలిచాను. మొదటి కాయ పగల్లేదు. రెండోది నుజ్జయింది. తరువాత ఎన్ని వలిచానో గుర్తు లేదు. పొట్టు చిటపటలు వింటూ ఉంటే, ఎప్పుడు పోయిందో పోయింది. పెద్దమ్మ వాకిలి వైపు చూసి, "చెప్పకుండానే పాయె. మర్యాద తెలీని మనిషి," అంది.

ఆ సెలవుల నిండా మాకు ఆమె కబుర్లే. గాబరికి మర్యాదగా 'అమ్మ' చేర్చింది నేనే. గాబరమ్మకు ఒక మొగుణ్ణి పెట్టాను, వాడు ఆమెకు భయపడి మడకశిర పారిపోయాడని చెప్పాను. గాబరమ్మ ఏ ఇంట్లోనూ అన్నం తినదని, తింటే ఎండబెట్టుకున్న మూతి తడుస్తుందని చెప్పాను. పెద్దమ్మ "హౌదా?" అంటూ కొంగు నోటికి పెట్టుకునేది. ఆమెను నవ్వించడం కోసం నేను అబద్ధాల మీద అబద్ధాలు అల్లాను. ఈ రోజు నాలో చూసి మీరు విసుక్కునే వెటకారం ఉంది చూశారా, అది పుట్టింది ఆ చేట ముందరే. వచ్చినప్పుడు భయం రాకుండా పోలేదు. కానీ దానితో పాటు పెద్దమ్మ కూడా ఉండేది.

సెలవులైపోయి హిందూపురం వచ్చాక గాబరమ్మ బడికి వచ్చింది. మా అయ్యవారు గుంటూరు తట్టు మనిషి. నేను లేచి నిలబడ్డాను.

"గాబరమ్మ వచ్చింది సార్. కొంచేపు బయటికి పోయొస్తా."

"ఎవరురా ఆవిడ?"

"మా పెద్దమ్మోళ్ళ ఊరామె సార్."

"సరే, త్వరగా మాట్లాడి పంపించు."

బయట గోడ వారన కూర్చుని చీపురుపుల్లలు విరుస్తూ ఉంటే అది దిగిపోయేది. వెనక్కి వచ్చి కూర్చునేవాణ్ణి. నెల తిరిగేసరికి అయ్యవారు బజారులో మా నాయనను ఆపి, చాలా మర్యాదగా చెప్పాడట: "మీ బంధువు గాబరమ్మగారు తరచు బడికి వస్తున్నారు. పెద్దావిడను అలా గేటు బయట నిలబెట్టడం మాకు బాగా లేదండీ. లోపలికి వచ్చి కూర్చోమనండి."

నాయన ఇంటికొచ్చి నవ్వుతూ ఆ మాట చెప్పాడు. అమ్మ నవ్వలేదు.

మా అమ్మది ధర్మవరం. మగ్గాలున్న ఇల్లు. కన్నడం ఒక్క ముక్క రాదు. నన్ను దగ్గరికి పిలిచి అడిగింది.

"గాబరమ్మ ఎవురురా?"

"పెద్దమ్మోళ్ళ ఊరామె. నా కాడికే వస్తాది."

"ఎట్లుంటాది?"

"కనపడదు మా. వస్తే గుండె కొట్టుకుంటాది. అడిగితే పోదు, ఊరికే ఉంటే పోతాది."

ఇంతకంటే స్పష్టంగా అమ్మవారి లక్షణాలు ఏ పురాణంలోనూ చెప్పి ఉండరు. నేను గౌరవం కోసం తగిలించిన 'అమ్మ' అనే రెండక్షరాలు అమ్మ చెవిలో మారెమ్మ పక్కకు, ఎల్లమ్మ పక్కకు పోయి కూర్చున్నాయి. మా వీధి అవ్వ వచ్చి విని, "అగళి తట్టు అమ్మవార్లు చానామంది ఉండారు. ఈ పేరు నేను ఇన్లేదు గానీ, ఉండచ్చు," అని తీర్పు చెప్పింది. మా నాయనకు కన్నడం రాకపోలేదు. బాగానే వచ్చు. అయితే అమ్మ గొంతు లేచినప్పుడు ఆయనకు ఏ భాషా రాదు.

వారం దాటకముందే మా వీధి కుళాయి పక్కన ఒక గుండ్రాయి వెలిసింది. దానికి పసుపు, కుంకుమ, వేపాకు. ఒక కోడి పోయింది. పక్కవీధి ఆడవాళ్ళు కూడా జడుసుకున్న పిల్లలను తెచ్చి రాయి ముందు పడుకోబెట్టారు. నేను నా కథలో పాత్రకు పూజ జరుగుతుంటే పక్కన నిలబడి ప్రసాదం తిన్నాను. అంత పెద్ద విజయం తరువాత నాకు మళ్ళీ దక్కలేదు.

ఆ ముచ్చట పెనుకొండ దాకా పోయింది. పెద్దమ్మ ఒకనాడు పొద్దున్నే రైలు దిగి వచ్చింది. చంకలో గుడ్డసంచి, దాంట్లో నాకోసం వేయించిన చెనక్కాయలు. అమ్మ వాకిట్లోనే ఎదురుపోయింది.

"ఆడనే నిలబడక్కా," అంది. "నీకు బిడ్డలు లేరని నా బిడ్డ మీదికి తోల్తావా మీ ఊరి దేవతను?"

వీధి వీధంతా వింటోంది. కుళాయి దగ్గర బిందెలు నిలిచిపోయాయి. పెద్దమ్మ అమ్మ మొహం చూసింది, రాయి వైపు చూసింది, కిటికీలో ఉన్న నన్ను చూసింది. నోరు తెరిచింది. గాబరి అంటే ఉత్త భయమేనని ఒక్క మాట చెబితే చాలు, చుట్టూ ఉన్న పదిమందిలో ఇద్దరికి కన్నడం వచ్చు, అవునని తలూపేవాళ్ళే. కానీ అప్పుడు నవ్వులపాలయ్యేది మా అమ్మ. రాయికి మొక్కినవాళ్ళందరి ముందు, కోడి కోసిన చేతులతో.

పెద్దమ్మ నోరు మూసుకుంది. కుళాయి దగ్గరికి పోయి, రాయి ముందు వంగి దండం పెట్టింది.

"నేను తెచ్చినామెను నేనే తోడుకపోతా," అంది. "ఇంక రాదులేమ్మా. నీ బిడ్డ చల్లంగుంటాడు."

చెనక్కాయలు మా అరుగు మీద కుమ్మరించి, ఖాళీ అయిన సంచిలో ఆ గుండ్రాయిని పెట్టుకుంది. చంకన వేసుకుని స్టేషన్ వైపు నడిచింది. ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకుని దారి ఇచ్చారు. అది భక్తితో ఇచ్చిన దారి కాదని నాకు అప్పుడే తెలిసింది. ఆ చెనక్కాయలు ఎవరూ తినలేదు. అమ్మ వాటిని ఎత్తి దూరంగా పారబోసింది.

ఆనాటినుంచి పెద్దమ్మ దేవతను తోలే మనిషి అయింది. అంతకుముందు మా వాళ్ళ పెళ్ళిళ్ళలో ఊరిబిండి పచ్చడి నూరితే ఆమే నూరాలి. ఆ పిలుపులు ఆగిపోయాయి. పిల్లలున్నవాళ్ళు ఆమె వాకిలి ముందు పిల్లలను గబగబా నడిపించుకుపోయేవాళ్ళట. నన్ను పెనుకొండకు పంపడం సరేసరి.

నాకు నయమైపోయిందని మా ఇంట్లో అందరూ నమ్మారు. ఎందుకంటే నేను మళ్ళీ ఆ పేరు ఎత్తలేదు. ఎత్తితే పెద్దమ్మకు మాటొస్తుందని ఆ మాత్రం నాకు తెలుసు. గాబరమ్మ మటుకు మానలేదు. వచ్చేటట్టు అనిపించగానే నేనొక జోకు వేసేవాణ్ణి. క్లాసంతా గొల్లుమనేది. ఆ గోలలో ఎవరూ నన్ను చూడరు. నాకు ఊపిరి తీసుకునే వీలు చిక్కేది. మాస్టార్లు బయట నిలబెడితే ఇంకా మంచిది. వీడికి భయం భక్తి లేవని అందరూ అనేవాళ్ళు. భక్తి సంగతి నిజమే. అలా చాలా ఏళ్ళు, నవ్వుతున్న గదిలో గోడకు ఆనుకుని, నా చేతులు నేనే పట్టుకుని నిలబడ్డాను.

ఇంటర్ ధర్మవరంలో, అమ్మ పుట్టింట్లో ఉండి చదవాలని తేల్చారు. మొదటిసారి ఒక్కణ్ణే పాసింజరు ఎక్కాను. పెనుకొండ రాకముందే అది వచ్చింది. జోకు వేయడానికి పెట్టెలో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎదురుగా ఒక ముసలాయన నిద్రపోతున్నాడు. పెనుకొండలో రైలు ఆగగానే ట్రంకుపెట్టె పట్టుకుని దూకేశాను. పట్టాల వెంట నడిచి ఆ మిద్దె ముందు నిలబడ్డాను. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

తలుపు తెరిచే ఉంది. గాలికి మూసుకోకుండా కింద ఒక గుండ్రాయి అడ్డం పెట్టి ఉంది. పెద్దమ్మ జుట్టు సగం నెరిసింది. నన్ను ఎగాదిగా చూసింది.

"వచ్చిందా?" అంది.

"ఎవురు, నేనా?"

"నువ్వు గాదు. ఆయమ్మ."

"తోడొచ్చింది పెద్దమ్మా."

"రానీ. నువ్వు కాళ్ళు కడుక్కో."

ఎన్నేళ్ళ తరువాతో కనిపించినవాణ్ణి పట్టుకుని ఏడవలేదు, ఇన్నాళ్ళు ఏమైపోయినావని అడగలేదు. చింతపండు ముందు పెట్టి గింజలు తీయమంది. తీశాను. వేళ్ళకు పని దొరికాక నోటికి మాట వచ్చింది.

"పెద్దమ్మా, దేవతను వాకిలికి అడ్డం పెట్టినావా?"

"గాలికి తలుపు కొట్టుకుంటాంటే ఏం జేద్దు? ఆయమ్మకు మాత్రం కూచోని కూచోని పొద్దు పోవల్ల గదా."

అప్పటినుంచి శనివారం హిందూపురం పోయేటప్పుడు పెనుకొండలో దిగి, తరువాతి బండికి పోయేవాణ్ణి. రైళ్ళు లేటని ఇంట్లో చెప్పేవాణ్ణి. మన రైళ్ళ మీద ఆ నింద ఎవరైనా నమ్ముతారు.

గాబరి అంటే ఏమిటో నాకు తెలిసింది ధర్మవరం ప్లాట్‌ఫారం మీద. హిందూపురంలో పెరిగి ఆ మాట వినలేదా అని మీరు అడగవచ్చు. వినకేం, చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ, ఓహో, వాళ్ళింటికి కూడా వస్తుందన్నమాట అనుకున్నాను. ఆరోజు ఒక కన్నడం ఆయన, రైలు కూతకు జడుసుకున్న కూతురిని ఎత్తుకుని "గాబరి ఆగ్‌బేడ" అన్నాడు. గాబరి కావద్దు. నాకు గాబరి రావడం తెలుసు, పోవడం తెలుసు. మనిషి గాబరి కావడమేమిటి? అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. ఒక్క క్రియాపదంతో మా గాబరమ్మ చచ్చిపోయింది. ఆమె మొగుడు మడకశిరలో దిక్కులేనివాడయ్యాడు.

ఆ శనివారం అడిగాను. "గాబరమ్మ అంటే ఉత్త భయమేనా పెద్దమ్మా?"

"ఇప్పుడు తెలిసెనా?" అని పొయ్యి మీద రాగిముద్ద కెలుకుతూనే ఉంది.

"మరి ఆపొద్దు చెప్పకుండా ఎందుకు మోసినావు ఆ రాయిని?"

"మీయమ్మ చెడ్డది కాదప్పా. బిడ్డ ఏమైపోతాడో అని దానికి గాబరి. బిడ్డలున్నోళ్ళ గాబరి బిడ్డలున్నోళ్ళది."

"నీకు రాదా?"

రైలేదీ పోకపోయినా, పెద్దమ్మ చెయ్యి ఆపింది. "వంటరోళ్ళ కాడికి రాకుండా ఎవురి కాడికి పోతాది," అని మళ్ళీ కెలికింది.

"ఇప్పుడు పోయి అమ్మకు చెప్తా."

"వద్దు. నేను బతికుండగా చెప్పద్దు. అది సిగ్గుతో సచ్చిపోతాది. సుమ్నె తిను."

కాలేజీలో లైబ్రరీ పుస్తకాల్లో నా జబ్బుకు ఇంగ్లీషు పేరు దొరికింది. డాక్టరు దగ్గరికి పోయాను, మందులు వాడాను, మేలు జరిగింది. అది దాచవలసిన సంగతి కాదు. మీ ఇంట్లో పిల్లవాడికి అలా వస్తుంటే మీరూ పోండి. పెద్దమ్మకు చెబితే, "పేరుంటే మంచిదే లేప్పా. పిల్చి మాట్లాడచ్చు," అంది. అదే నేను ఆమెను నవ్వించాలని పోయి, ఆమె మాటకు నేను నవ్వి వచ్చిన చివరిసారి.

కబురు అందిన రోజే పెనుకొండ చేరుకున్నాను. పెద్దమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. మొహం మీద ఏ గాబరీ లేదు. ఆమెకు పిల్లలు లేరు గనక కర్మ నేనే చేయాలన్నారు. తల మీద నీళ్ళు పోసి, నిప్పుకుండ చేతికిచ్చారు. వచ్చినవాళ్ళు తక్కువ. వచ్చిన ఆడవాళ్ళు కూడా కొంచెం ఎడంగా నిలబడ్డారు.

నాయనతో అమ్మ కూడా వచ్చింది. ఆ రాయి రోజు తరువాత ఆమె పెనుకొండలో కాలుపెట్టడం అదే మొదలు. లోపలికి రాలేదు. ఎదురింటి గోడకు ఆనుకుని నిలబడింది. పాడె ఎత్తారు, తప్పెట్లు మొదలయ్యాయి. నేను కుండ పట్టుకుని ముందు నడవాలి. నడవబోతూ అమ్మ వైపు చూశాను. రెండు చేతులతో చీర కొంగు పిండుతోంది. నోరు తెరిచి ఉంది. గాలి లోపలికి పోవడం లేదు. ఆ మొహం నాకు బాగా తెలిసిన మొహం. అద్దంలో చూసిందే.

పోయి, కుండ పక్కన పెట్టి, అమ్మను ఆ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను.

"నాకు తెలుసురా," అంది అమ్మ, మాటకూ మాటకూ మధ్య గాలి వెతుక్కుంటూ. "మీ నాయన ఆపొద్దే చెప్పినాడు, గాబరి అంటే ఏందో. అక్క రాయి ఎత్తకపోయినాక. ఊరంతా మొక్కినాక... ఏం మొగం పెట్టుకోని వచ్చేది?"

"ఏమీ చెప్పద్దు మా. సుమ్నె కూచో."

"నేను సచ్చిపోతాండానా?"

"లేదు. కొంచేపుంటే పోతాది."

వెనకనుంచి ఒక పెద్దాయన కేక వేశాడు. "ఏమప్పా, పాడె లేచినాక కూచుంటారా యాడన్నా? లెయ్యి, పొద్దు పోతాండాది."

"పోనీ మామా."

"ఎత్తిన పాడె ఇంటి ముందర దించగూడదు. మోసేటోళ్ళు ఎంతసేపు నిలబడల్ల?"

"ఈయమ్మకు ఊపిరి వచ్చేదాకా."

ఎవరో గొణిగారు. తప్పెట్లవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని కొట్టడం ఆపేశారు. కుండ లేకుండా ఎవరూ ముందుకు పోలేరు. కుండ నా కాళ్ళ దగ్గర పొగలు కక్కుతోంది.

మొదట్లో అడిగిన క్షమాపణ ఉత్తదే. ఇది మటుకు ఒప్పుకోలు. ఇంత పెద్ద వ్యాసం రాశాను గానీ, మా పెద్దమ్మకోసం గానీ, మా అమ్మకోసం గానీ నేను నిజంగా చేసిన పని ఒక్కటే. నేను ఒక చావును ఆపాను. పదిమంది పెద్దల మాట కాదని, నడివీధిలో, మా అమ్మ ఊపిరి తిన్నగా అయ్యేదాకా ఆపాను.

పొద్దు వాలింది. మోసేవాళ్ళు భుజాలు మార్చుకున్నప్పుడల్లా పాడె కొంచెం ఊగుతోంది. బంతిపూలు ఒకటీ అరా రాలుతున్నాయి. అంత ఎత్తున, ఎవరి తొందరా పట్టనట్టు పెద్దమ్మ పడుకుని ఉంది. ఆమె నీడ వీధికి అడ్డంగా సాగి, అరుగు ఎక్కి, మా అమ్మ ఒళ్ళోదాకా వచ్చింది. అమ్మ ఆ నీడలో చేతులు పెట్టుకుని కూర్చుంది.